గుంటూరులో కనుగొన్నది హీలియమేనా?

హీలియంను గుంటూరులో కనుగొన్నారని మన దగ్గర తరచూ చెప్పుకుంటాం. సొంత ఊరి మీది అభిమానంతో అనే ఆ మాటలో సగమే నిజం ఉంది. మిగతా సగం తెలుసుకుంటే గుంటూరు ఖ్యాతి తగ్గదు సరికదా, ఒకే ఆవిష్కరణ ఒకే కాలంలో ఒకరికి మించి ఎలా అందుతుందో అర్థమవుతుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో టెలిస్కోపుకు స్పెక్ట్రోస్కోపు (వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం) అమర్చుకుని సిద్ధంగా ఉన్నారు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పగానే, అంచున ఎగసిన సౌరజ్వాలల వెలుగు సన్నని చీలిక గుండా వచ్చి కొన్ని మెరిసే గీతలుగా విడిపోయింది. ఆ మెరుపు చూసి, గ్రహణం లేనప్పుడు కూడా వీటిని పట్టుకోవచ్చని ఆయనకు తోచింది; మర్నాడే పట్టుకున్నారు. పగటి ఆకాశపు వెలుగును స్పెక్ట్రోస్కోపు వెడల్పాటి రంగుల పట్టీగా పరిచి పలచన చేస్తుంది. జ్వాలల వెలుగు కొద్ది గీతల్లోనే కూడి ఉంటుంది కనుక పలచబడకుండా నిలుస్తుంది. గుంటూరులో నిజంగా కనుగొన్నది ఈ పద్ధతిని.

ఇదే ఆలోచన లండన్‌లో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకయర్‌కు 1866లోనే వచ్చింది కానీ, పరికరం చేతికి అందడం ఆలస్యమై 1868 అక్టోబరు 20న గాని ఫలించలేదు. జాన్సెన్ కాకినాడ నుంచి రాసిన ఉత్తరం, లాకయర్ కబురు అక్టోబరు 26న, నిమిషాల తేడాతో పారిస్‌లోని సైన్సు అకాడమీకి చేరాయి. అవి ఒకే రోజు చేరడం యాదృచ్ఛికమే కావచ్చు, ఇద్దరికీ ఒకే ఆలోచన రావడం మాత్రం కాదు. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయని జర్మన్ శాస్త్రవేత్తలు కిర్కాఫ్, బున్సెన్ అప్పటికి ఎనిమిది, తొమ్మిదేళ్ల ముందే తేల్చాక, స్పెక్ట్రోస్కోపును సూర్యుడి వైపు తిప్పినవారు ఎవరైనా ఈ దారికే రావలసి ఉంది.

హీలియం కథ ఆ జ్వాలల వెలుగులో కనిపించిన పసుపు గీతది. సోడియం జంట పసుపు గీతలు 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటే, ఇది 587.6 దగ్గర ఉంటుంది. అంత దగ్గరగా ఉండబట్టే చాలామంది దాన్ని సోడియంగానే భావించారు. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూసిన మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మాత్రం అది సోడియం స్థానంతో సరిగ్గా కలవడం లేదని గమనించారు. తర్వాత లాకయర్ దాన్ని కొత్త మూలకానికి ముడిపెట్టారు; అదే హీలియం. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే దాన్ని భూమి మీది ఖనిజంలోనూ కనిపెట్టారు.

పోగ్సన్ నివేదిక మద్రాసులో అచ్చయింది గానీ, యూరప్ శాస్త్రవేత్తల చర్చల్లోకి వెళ్లలేదు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం వేయించిన పతకం మీద జాన్సెన్, లాకయర్‌ల ముఖాలు పక్కపక్కనే ఉన్నాయి. అది న్యాయమే. అయితే హీలియం పేరెత్తినప్పుడల్లా గుంటూరు పక్కన మచిలీపట్నాన్నీ చెప్పడం మన వంతు.