అటకెక్కిన గోనె మిల్లు

మా విజయనగరంలో ఎప్పుడో మూతపడ్డ గోనెసంచుల మిల్లు ఇప్పుడు 'ఇండస్ట్రియల్ లాఫ్ట్' అయింది. లాఫ్ట్ అంటే అటకే. మన ఇళ్లలో అటక మీద పాత ఆవకాయ జాడీలు, విరిగిన ఉయ్యాల బల్ల పెడతాం. ఇక్కడ ఇంజినీర్లను పెడతారు, సీటుకింతని నెల అద్దె తీసుకుని.

ముందు గోడల సున్నం గీకించి ఇటుకలు బయటపెట్టారు. మా ఇంట్లో పెచ్చులూడితే మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇక్కడ అదే పనికి మేస్త్రీకి రోజుకూలీ ఇచ్చారు.

పైకప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ఎండ నేరుగా మగ్గాల మీద పడకుండా, రోజంతా ఒకే తీరు వెలుతురు రావాలని పాతకాలం వాళ్లు పంటిపంటికీ ఉత్తరం వైపు అద్దాలు బిగించారు. డిజైనరు వాటిని ఎంతో మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ల మీద వెలుగు పడుతోందని నల్ల ఫిల్మ్ అంటించి, పట్టపగలే లైట్లు వేయించాడు.

580 గ్రాముల గోనెసంచిలో 50 కిలోల ధాన్యం పట్టేది. ఇప్పుడు బీన్ బ్యాగులో 70 కిలోల ఇంజినీరు పడుతున్నాడు. (కొన్ని సరుకులను గోనెలోనే నింపాలని కేంద్రం 1987లో చట్టం చేసింది. ఇంజినీర్లకు అది వర్తించదు కాబట్టి రెగ్జిన్ వాడారు.)

లాకౌట్ నోటీసు అంటించిన పాత గేటు తలుపును 'హెరిటేజ్' పేరుతో గోడకు తగిలించారు. నోటీసు జిగురు మరక కూడా అలాగే ఉంచారు. కార్మికుల బకాయిలూ అలాగే ఉంచారు.

ఇక అసలు సంగతి కొలాబరేషన్. అందరూ కలిసిమెలిసి పనిచెయ్యాలని అడ్డుగోడలన్నీ తీసేశారు. మా పెదనాన్న ఇక్కడే మగ్గం నడిపారు. ఆ మోతలో మాట వినపడదు. చేతిసైగలతో, పెదాల కదలికతోనే జీతాల గొడవలు, పెళ్లి సంబంధాలు అన్నీ తేలిపోయేవి. దాన్ని కొలాబరేషన్ అంటారని తెలియకుండానే ఆయన ఇంటికి వచ్చేశారు. ఇప్పుడు మోతా లేదు, గోడా లేదు. పక్కపక్కనే కూర్చున్నవాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, 'టీకి వెళ్దామా' అని గ్రూపులో మెసేజ్ పెడుతున్నారు.

పెదనాన్నను ఒకసారి చూడ్డానికి తీసుకెళ్లాను. ఆయన హాలంతా కలియజూసి, ఒక కుర్రాణ్ణి అడిగారు.

"ఇక్కడేటి తయారవుద్ది బాబూ?"

"సొల్యూషన్స్ అండీ."

పెదనాన్న గట్టిగా గాలి పీల్చి చూశారు.

"సైకిల్ పంచర్లకా? మరి వాసన రాదేటి?"