సెల్లార్ ర్యాంపు మీద గుల్‌మార్గ్

వనస్థలిపురంలో ఉష్ణోగ్రత 14కి దిగితే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మంకీ క్యాపుల్లోకి దూరిపోతారు. పొద్దున్నే వాచ్‌మన్ ఎండుటాకులు పోగేసి మంట వేసుకుంటే, పొగ వస్తోందని తిట్టడానికి దిగిన సెక్రటరీ గారు కూడా ముందు కాసేపు చేతులు కాచుకుని, ఆ తర్వాతే తిడతారు. ఇలాంటి జనంలోంచి మేం ఆరుగురం జనవరిలో కొండల్లోకి వెళ్ళి, మంచు మీద స్కీయింగ్ చేసి, అక్కడి తిండి కడుపునిండా తిని రావాలని నిర్ణయం జరిగిపోయింది. చేసింది మా బావ. అర్ధరాత్రి దాకా ఫోన్‌లో వీడియోలు చూసే మనిషి కాబట్టి మాకు ఇలాంటివి అలవాటే, కిందటేడు అయితే మేడమీద కుంకుమపువ్వు పండిస్తానన్నాడు.

మొదట ఔలీ అన్నాడు. ఉత్తరాఖండ్‌లో జోషిమఠ్ పైన. "నేల కుంగిపోతోందని 2023లో టీవీల వాళ్ళు పొద్దస్తమానం చూపించింది ఆ ఊరే కదా, అక్కడికా?" అన్నాడు బాబాయి. సరే, మనాలి దగ్గర సోలాంగ్ అన్నాడు. అక్క గిన్నె గట్టిగా పెట్టింది. "పెళ్ళైన కొత్తలో మనాలి అని చెప్పి అరకు తీసుకెళ్ళావు, ఆ పేరు నా ముందు ఎత్తకు" అంది. అలా కుటుంబ కారణాల వల్ల గుల్‌మార్గ్ ఖాయమైంది.

గుల్‌మార్గ్ గురించి బావ చెప్పే పద్ధతి చూస్తే అక్కడ ప్లాటు అమ్మిపెట్టే పని ఏదో ఒప్పుకున్నాడేమో అనిపించేది. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లట, ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉందట, అక్కడి నుంచి గొండోలా, అంటే కేబుల్ కారు, ఎక్కితే మొదటి దశలో కొంగ్‌దూరి, రెండో దశలో అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్ళి దింపుతుందట. అంతా విని బాబాయి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "రెండో దశ అంటే మన మెట్రో రెండో దశ లాంటిదా? ఉందా, వస్తుందా?"

"2005 నుంచి నడుస్తోంది బాబాయ్."

"అయితే సరే."

మరి ఎప్పుడు వెళ్ళాలి? సంక్రాంతి సెలవుల్లో అని బావ, వద్దని అక్క. అక్క ఏ విషయమైనా సగం విని ఊరుకునే రకం కాదు, రాత్రికి రాత్రి అన్నీ చదివేసింది. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో మంచు పడక, స్కీయింగ్ చేద్దామని వెళ్ళిన వాళ్ళు ఎండిపోయిన గడ్డి ముందు ఫొటోలు దిగి వచ్చారట. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని కూడా మంచు చాలక వాయిదా వేశారట. "గవర్నమెంటుకే దొరకని మంచు నీకు దొరుకుతుందా?" అంది. చివరికి జనవరి ఆఖరి వారం అనుకున్నారు. అప్పటికి చిల్లై కలాన్ ఇంకా నడుస్తుంటుంది, అంటే డిసెంబర్ 21న మొదలై 40 రోజులు సాగే గడ్డు చలి. అయ్యప్ప దీక్ష 41 రోజులని, వీళ్ళది ఒకరోజు తక్కువేనని బాబాయి లెక్క తేల్చి, అంత భయపడాల్సిన పని లేదన్నాడు. ఆయన దీక్ష తీసుకుంది ఒక్కసారే, అదీ మధ్యలో వదిలేశాడు.

చలి విషయంలో మా ఇంట్లో ఆఖరి మాట అత్తయ్యగారిది, అంటే బావ వాళ్ళ అమ్మగారిది. ఆవిడకి థర్మామీటర్లూ, ఫోన్‌లో చూపించే డిగ్రీలూ పట్టవు. బాత్రూమ్ కిటికీలో కొబ్బరి నూనె సీసా ఉంటుంది, అది గడ్డకడితే చలి, లేకపోతే లేదు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి డిసెంబర్, జనవరి నెలల్లో ఆవిడ స్వెటర్ విప్పిన పాపాన పోరు. గుల్‌మార్గ్‌లో రాత్రిళ్ళు సున్నాకి పది డిగ్రీల కిందికి పోవడం మామూలేనని చంటి గాడు (అక్క కొడుకు, తొమ్మిదో తరగతి) చెప్పినప్పుడు ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఆవకాయలో నూనె కూడా గడ్డకడుతుందా?" అని అడిగారు. నువ్వుల నూనె గురించి ఎవరికీ తెలియదు. ఆ రాత్రి చిన్న గిన్నెలో ఆవకాయ ఫ్రీజర్‌లోకి వెళ్ళింది, పొద్దున బయటికి తీసి స్పూనుతో పొడిచి చూసి, పచ్చడి తీసుకెళ్ళొద్దు, గోంగూర పొడీ కరివేపాకు పొడీ చాలు అని తీర్మానించారు.

తిండి దగ్గరికి వచ్చేసరికి అసలు గొడవ మొదలైంది. మొదట్లో వాట్సాప్ గ్రూపు పేరు 'స్కీ గుల్‌మార్గ్'. తర్వాత 'స్కీ అండ్ ఫుడ్' అయింది. ఇంకొన్నాళ్ళకి చూస్తే 'వాజ్వాన్ 6' అని ఉంది, స్కీ ఎప్పుడు ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు.

వాజ్వాన్ అంటే కాశ్మీరీల పెద్ద విందు, దాదాపు అంతా మాంసమే. తబక్ మాజ్, రిస్తా, రోగన్ జోష్ ఇలా ఒకదాని తర్వాత ఒకటి వడ్డించుకుంటూ పోయి, చివర్లో పెరుగు పులుసులో ఉడికిన గుష్తాబా అనే మాంసం ఉండలు పెడతారు. తినే ముందు చేతులు కడిగించడానికి నీళ్ళు పట్టుకుని మన దగ్గరికే వస్తారని విని అక్క అప్పుడే వలస పోదామంది. చిక్కల్లా ఒక్కటే. పెద్ద రాగి పళ్ళెంలో, ట్రామి అంటారు, నలుగురు కలిసి తినాలి.

"ఒకే కంచంలో నలుగురా? ఎంగిలి!" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ మాంసం తినరు, ఆ పళ్ళెం జోలికే వెళ్ళరు, కానీ సూత్రం సూత్రమే.

"బార్కస్‌లో మండీ అలాగే తింటాం కదా నానమ్మా" అని చంటి నోరు జారాడు. మండీ సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఆ పూట అది సర్దుబాటు చేసుకునేసరికే అయిపోయింది.

"ఎవరి వైపు వాళ్ళు తింటారమ్మా, ఎవరి పావు వాళ్ళదే" అని బావ నచ్చజెప్పబోయాడు.

"మీ నాన్న పొలం గట్టు కోసం ఇరవై ఏళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. అన్నంలో గట్టు నిలుస్తుందిరా?"

దీనికి మా దగ్గర సమాధానం లేదు. పైగా ఆవిడని తీసేస్తే మిగిలింది ఐదుగురం, నలుగురు ఒక ట్రామి దగ్గర కూర్చుంటే ఐదోవాడి గతి ఏమిటన్నది ఇంకా పెండింగ్‌లో ఉంది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆవిడ కోసం తామర తూళ్ళ కూర, హాక్ అనే ఆకుకూర ఉంటాయని అక్క వెతికిపెట్టింది. కాశ్మీరీ పండితుల వంటలో ఉల్లీ వెల్లుల్లీ ఉండవని, ఇంగువా సోంపూ శొంఠితోనే నడిపిస్తారని చదివి వినిపిస్తే అత్తయ్యగారి మొహం వెలిగింది. మాంసం కూడా అలాగే వండుతారని బావ కలిపాడు. వెంటనే ఆరిపోయింది. ఆ మాట ఇప్పుడు అవసరమా?

హరీసా దగ్గర బావ అహం దెబ్బతింది. శ్రీనగర్ పాతబస్తీలో, ఆలీ కదల్ వైపు, చలికాలం తెల్లవారుజామునే అమ్ముతారు. మాంసాన్ని బియ్యంతో కలిపి, భూమిలో పాతిన పెద్ద కుండలో రాత్రంతా ఉడికించి, మెత్తగా నూరి, పైన కాగిన నూనె పోసి రొట్టెతో ఇస్తారు. "ఇది మన హలీమే కదా!" అన్నాడు చంటి. అంతే. మనది గోధుమలు, పప్పులు వేసి చేసేదనీ, మన హలీమ్‌కి 2010లోనే జీఐ ట్యాగ్ వచ్చిందనీ, రంజాన్ సాయంత్రం క్యూలో నిలబడి తినేదానికీ పొద్దున ఆరింటికి పళ్ళు తోముకుని తినేదానికీ పోలికేమిటనీ బావ అరగంట క్లాసు పీకాడు. అన్నీ అయ్యాక, "అయినా తిందాం, తినకుండా ఎలా తిడతాం" అని ముగించాడు. బాబాయి సమస్య వేరు. అక్కడి నూన్ చాయ్‌లో చక్కెర బదులు ఉప్పు వేస్తారనీ, గులాబీ రంగులో ఉంటుందనీ తెలిసి, ఇరానీ చాయ్ తప్ప వేరేది ముట్టని ఆ మనిషి టికెట్ క్యాన్సిల్ చేయమన్నాడు. ఉస్మానియా బిస్కెట్‌లో కూడా ఉప్పు తగులుతుందని గుర్తుచేస్తే కాస్త మెత్తబడ్డాడు.

బాబాయికి మేం చెప్పని సంగతి ఒకటుంది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మేమంతా మెల్లిగా మార్పించుకున్నాం. బాబాయిది ప్రీపెయిడ్. ఆయన రోజూ తెల్లవారక ముందే పూలబొకేల గుడ్ మార్నింగ్‌లూ, తొమ్మిదింటికి ఆరోగ్య చిట్కాలూ, రాత్రికి దేశ రాజకీయాలూ పంపిస్తారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు, అయినా ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇంత గొడవలో అసలు స్కీయింగ్ గురించి ఆలోచిస్తున్నది బావా చంటీ ఇద్దరే. స్కీలు, బూట్లు, కర్రలు అన్నీ గుల్‌మార్గ్‌లో అద్దెకి దొరుకుతాయి, నేర్పే వాళ్ళూ ఉంటారు, వెళ్ళి నేర్చుకుంటే సరిపోతుంది. బావకి సరిపోలేదు. పంజాబ్ నుంచి వచ్చిన చిన్న పిల్లలు తన పక్క నుంచి జారుకుంటూ పోతుంటే తను మంచులో కూలబడి ఉండటం ఊహించుకోలేకపోయాడు. బేసిక్స్ ఇక్కడే నేర్చుకుని వెళ్దామన్నాడు.

బేసిక్స్ అంటే చంటి వీడియోలో చూసి చెప్పినవి. కొత్తగా నేర్చుకునే వాళ్ళకి రెండే మాటలు చెప్తారట. రెండు కాళ్ళూ సమాంతరంగా పెట్టి జారితే ఫ్రెంచ్ ఫ్రైస్, వేగంగా పోతారు. మడమలు దూరం జరిపి, కాలివేళ్ళు దగ్గరికి తెచ్చి త్రికోణంలా పెడితే పిజ్జా, వేగం తగ్గి ఆగుతారు. ఫ్రైస్ అంటే పోవడం, పిజ్జా అంటే ఆగడం.

ఆదివారం మధ్యాహ్నం సెల్లార్ ఖాళీగా ఉన్నప్పుడు ర్యాంపు మీద ఏర్పాట్లు జరిగాయి. వాచ్‌మన్ గది మీద వానకి కప్పిన పాత ఫ్లెక్సీ ఒకటి తెచ్చి పరిచారు. అది మా ఏరియా లీడర్ గారి పుట్టినరోజు ఫ్లెక్సీ, నవ్వుతూ నమస్కారం పెడుతున్నారు, ఆయన మొహం మీద జారితే రేపు ఎవరైనా గేటు దగ్గరికి వస్తారేమోనని తిరగేశారు. దాని మీద బకెట్ సర్ఫ్ నీళ్ళు. నురగ చూసి చంటి "అచ్చం మంచే మామయ్యా!" అన్నాడు. బోరు వేయగా మిగిలిన పీవీసీ పైపుని నిలువునా చీల్చి రెండు స్కీలు చేసి, స్పోర్ట్స్ బూట్లకి నైలాన్ తాడుతో కట్టాడు బావ. చంటి ఈత కళ్ళద్దాలు, బాబాయి మంకీ క్యాపు, ఒక చేతిలో మా బూజు కర్ర, రెండో చేతిలో ఎదురింటి వాళ్ళని అడిగి తెచ్చిన బూజు కర్ర. పై నుంచి అక్క చూసి, "హెల్మెట్ పెట్టుకో" అని మాత్రం అంది. అది కూడా పెట్టుకున్నాడు, మంకీ క్యాపు మీద.

ఫ్రైస్ బ్రహ్మాండంగా వచ్చింది. మేం అనుకున్నదానికంటే చాలా వేగంగా వచ్చింది. సగం దూరంలోనే బావ కర్రలు రెండూ వదిలేసి చేతులు గాల్లోకి లేపాడు.

"డాడీ, పిజ్జా! పిజ్జా!" అని చంటి అరుపు.

"పిజ్జా పెట్టు బావా!" అని నేను.

సరిగ్గా అప్పుడే లిఫ్ట్ దగ్గర నిలబడి ఫోన్‌లో ఫ్లాట్ నంబర్ చూసుకుంటున్న డెలివరీ అబ్బాయి, ఎర్ర బ్యాగు భుజాన, అట్టపెట్టె చేతిలో, ఎవరో పిలుస్తున్నారని గబగబా ర్యాంపు వైపు వచ్చాడు. వచ్చి చూశాడు. పెట్టెని రెండు చేతులతో తలపైకి ఎత్తి, ఒక్క గెంతులో స్తంభం వెనక్కి పోయాడు. ఆ అబ్బాయికి స్కీయింగ్ నేర్పితే దేశానికి పతకం వస్తుంది, నిజంగా చెప్తున్నా. బావ అతను ఖాళీ చేసిన చోటులోంచి దూసుకుపోయి, వరసగా పార్క్ చేసిన స్కూటర్లలో మొదటిదాన్ని కౌగిలించుకున్నాడు. మిగతావి ఒకదాని మీద ఒకటి తీరిగ్గా పడ్డాయి. ఆఖరిది సెక్రటరీ గారిది.

సర్ఫ్ నురగ చల్లారే దాకా ఎవరూ మాట్లాడలేదు. స్తంభం వెనక నుంచి ఆ అబ్బాయి తల బయటపెట్టి, స్కూటర్ల కింద ఉన్న బావని మర్యాదగా అడిగాడు.

"సార్, పిజ్జా మీదేనా? ఓటీపీ చెప్తారా?"

చీలమండ బెణికింది, విరగలేదు. ఎముకల డాక్టర్ గారు ఎలా పడ్డారని అడిగితే బావ కాస్త దర్జాగా "స్కీయింగ్‌లో" అన్నాడు. ఎక్కడ అని అడిగారాయన. "వనస్థలిపురంలో." డాక్టర్ గారు పెన్ను ఆపి మా అందరినీ ఒకసారి చూసి, మళ్ళీ రాసుకున్నారు. ఇల్లు చేరేసరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో నోటీసు పడిపోయింది, సెల్లార్ ర్యాంపుపై మంచు క్రీడలు పూర్తిగా నిషేధం, అద్దాల ఖర్చు సంబంధిత ఫ్లాట్ వారే భరించాలి. దాని కింద ముప్పై రెండు దండం ఎమోజీలు. అందులో ఒకటి మా అత్తయ్యగారిది.

టికెట్లకి డబ్బులు వెనక్కి రావు కాబట్టి ట్రిప్పు మాత్రం ఆగలేదు. బావ స్కీయింగ్ చేయడు, ఆ సంగతి అక్క తేల్చేసింది, ఆయన్ని స్లెడ్జి మీద కూర్చోబెట్టి మంచులో లాగించుకుంటూ తీసుకెళ్తారు, గుల్‌మార్గ్‌లో చెక్క స్లెడ్జిలు లాగేవాళ్ళు ఎలాగూ ఉంటారు. రేటు మనిషికా, బరువుకా అని నిన్న రాత్రి బావ అమాయకంగా అడిగాడు. అక్క ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి బరువు తూచే మిషన్ తెచ్చి, ఆయన కట్టు కట్టిన కాలి ముందు పెట్టింది.