352 అంకె చూసి ఊగిపోయేవాళ్ళకి

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. నిన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పడేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో 352 విమానాలు కూల్చిన జర్మన్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ మీద. వెనక డప్పులు, తెర నిండా మంటలు. కింద వీడి కామెంటు: "మామయ్యా, వీడు మనిషే కాదు!"

మనిషేరా బాబూ. నా గోలంతా అదే.

1942 అక్టోబరు, సోవియట్ దేశంలోని కాకసస్ కొండల ప్రాంతం. ఇరవై ఏళ్ళ కుర్రాడు, మొదటిసారి యుద్ధంలో ఎగిరాడు. ముందు వెళ్తున్నది రోస్‌మన్ అనే సీనియర్. శత్రువు కనపడగానే మనవాడికి టెన్షన్ ఎక్కువై, సీనియర్ మాట వినకుండా ముందుకు దూసుకెళ్ళి కాల్చాడు. ఒక్కటీ తగల్లేదు. తర్వాత రోస్‌మన్ విమానాన్నే శత్రువనుకుని మబ్బుల్లో పడి పారిపోయాడు. చివరికి పెట్రోలు అయిపోయి పొలంలో దిగాడు. శిక్షగా మూడు రోజులు మెకానిక్కుల దగ్గర చాకిరీ. వీడియోలో ఇది లేదు. ఉంటే డప్పులు ఎక్కడ కొడతారు?

తర్వాత నేర్చుకున్నాడు, కాదనను. గిరికీలు కొట్టి పోట్లాడటం మానేశాడు. ముందు చూడటం, ఆలోచించడం, ఎదుటి విమానం అద్దం నిండా కనిపించేంత దగ్గరికెళ్ళి కొట్టడం, వెంటనే తప్పుకోవడం. అంత దగ్గర నుంచి కొడితే ముక్కలు వచ్చి తన విమానానికే తగిలేవి. పద్నాలుగు సార్లు ఎలాగోలా నేలకు దించాల్సి వచ్చింది.

ఇక ఆ అంకె సంగతి. కొందరు చరిత్రకారులు దాన్ని నమ్మరు. సగానికి కోసినా 176. అమెరికా నంబర్‌వన్ రిచర్డ్ బాంగ్‌ది 40. అంటే బాంగ్ నాలుగో వంతు పైలటా? కాదు. అమెరికా వాళ్ళు బాగా ఆడినవాణ్ణి ఇంటికి పంపి, కుర్రాళ్ళకి నేర్పించుకునేవాళ్ళు. జర్మనీలో ఆ ముచ్చట లేదు, చచ్చేదాకా ఎగరాల్సిందే. హార్ట్‌మన్ రెండున్నరేళ్ళలో 1,404 సార్లు ఎగిరాడు. మొదట్లో ఎదురుపడిన సోవియట్ పైలట్లలో చాలామందికి శిక్షణే అంతంత మాత్రం. ఆ 352 విమానాల్లోనూ ఎవరి కొడుకులో కూర్చునే ఉన్నారు.

ఇంతకీ ఎవరి కోసం? 1944లో వజ్రాల పతకం చేతికిచ్చింది హిట్లర్. "పైలట్‌కి రాజకీయాలెందుకు సార్" అని కామెంట్లలో ఎవరో అన్నారు. కింద ఊళ్ళు తగలబడుతుంటే పైన ఎగిరేవాడికి పొగ కనపడదా?

యుద్ధం అయిపోయాక అమెరికన్లకు లొంగిపోతే వాళ్ళు సోవియట్లకు అప్పగించారు. పదేళ్ళు జైళ్ళు, క్యాంపులు. 1945లో పుట్టిన కొడుకు 1948లో పోయాడు. తండ్రి ముఖం చూడనే లేదు.

నాకు ఆయన మీద కాస్త గౌరవం ఉన్నది మాత్రం ఆ తర్వాతి కథకి. 1955లో విడుదలై, మళ్ళీ పశ్చిమ జర్మనీ వైమానిక దళంలో చేరాడు. సర్కారు స్టార్‌ఫైటర్ జెట్లు కొంటానంది. ఈ విమానం మన కుర్రాళ్ళకి ఇప్పుడే వద్దు, ముందు తేలికవాటి మీద చెయ్యి తిరగనివ్వండి అన్నాడు. పై అధికారులకి నచ్చలేదు. 900కి పైగా కొన్నారు. దాదాపు 300 కూలిపోయాయి, వందమందికి పైగా పైలట్లు పోయారు. ఆ విమానానికి జనం పెట్టిన పేరు 'విధవల్ని చేసేది'. అవన్నీ యుద్ధం లేని రోజుల్లో కూలినవి! మాట చెప్పినందుకు ఆయన్ని పక్కన పెట్టారు. 1970లో ముందుగానే రిటైరయ్యాడు. తర్వాత మామూలు జనానికి విమానం నడపడం నేర్పుకుంటూ బతికాడు.

పదకొండు నిమిషాల వీడియోలో స్టార్‌ఫైటర్ ముచ్చట ఎనిమిది సెకన్లు వచ్చింది. వెనక్కి తిప్పి మరీ లెక్కపెట్టాను. అప్పుడు కూడా డప్పులు ఆగలేదు.