ఆహ్వాన లేఖ దగ్గరే ఆగిపోతున్న ప్రయాణాలు

ఇక్కడ అమెరికాలో పాఠాలు చెబుతున్న తెలుగు ఆచార్యుల్లో చాలామందికి ఒక్క సెమిస్టరైనా మన విశ్వవిద్యాలయాల్లో పనిచేయాలని ఉంటుంది. డబ్బిచ్చే పథకాలు లేక వాళ్లు ఆగిపోవడం లేదు. ముందు పథకం వెతుక్కుని, ఆ తర్వాత తమను పిలిచే శాఖ కోసం చూస్తున్నారు. చేయాల్సింది దీనికి తలకిందులుగా.

విదేశాల్లోని అధ్యాపకులను రప్పించేందుకు భారత ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన 'గ్యాన్' పథకం సంగతే తీసుకోండి. ఒకటి రెండు వారాల కోర్సు చెప్పి రావచ్చు. 12–14 గంటల బోధనకు 8,000 డాలర్లు, 20–28 గంటలకు 12,000 డాలర్లు గరిష్ఠంగా ఇచ్చేలా నిబంధనలు పెట్టారు. విమానం టికెట్టు కూడా అందులోనే. కానీ ప్రతిపాదన పంపాల్సింది మీరు కాదు, అక్కడి అధ్యాపకుడు. 2017లో ప్రకటించిన 'వజ్ర'లో ఏడాదికి ఒకటి నుంచి మూడు నెలలు ఉండాలి. మొదటి నెలకు 15,000 డాలర్లు, తర్వాతి నెలలకు 10,000 చొప్పున ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. ప్రవాసుల కోసమే 2023లో వచ్చిన 'వైభవ్'లో ఏడాదికి ఒకటి రెండు నెలల చొప్పున మూడేళ్ల వరకు పనిచేయవచ్చు, నెలకు 4 లక్షల రూపాయలిస్తారు. వీటన్నిటికీ అక్కడ మీతో కలిసి పనిచేసే మనిషి కావాలి. దరఖాస్తుల పిలుపు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. వచ్చాక పరిచయాలు మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

అమెరికా ప్రభుత్వ ఫెలోషిప్ అయిన ఫుల్‌బ్రైట్ దారి వేరు. అమెరికా నుంచి వెళ్లే స్కాలర్లకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్‌కార్డు చాలదు. భారత పౌరులకిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూకు ఇండియాలో నివసిస్తూ ఉండాలి. భారత పాస్‌పోర్టుతో ఇక్కడ గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న అధ్యాపకులు రెండిటికీ కాకుండా పోతున్నారు. వాళ్లు దీని మీద ఆశ పెట్టుకోకుండా పైన చెప్పిన మూడింటి మీద శ్రద్ధ పెట్టడం మేలు.

అమెరికా పౌరులైనవారికి అడ్డుపడేది చాలాసార్లు ఆహ్వాన లేఖే. "మీ రాక మాకెంతో సంతోషం" అని రెండు వాక్యాలు రాసి పంపే లేఖ పరిశీలకులకు ఏమీ చెప్పదు. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎమ్మెస్సీ ఏ సంవత్సరానికి, ఏ పేపరు, వారానికి ఎన్ని గంటలు, ల్యాబు, గ్రంథాలయం వాడుకోనిస్తారా లేదా అన్నవన్నీ అందులో ఉండాలి. లెటర్‌హెడ్, తేదీ, శాఖాధిపతి సంతకం సరేసరి. చిత్తుప్రతి మీరే రాసి పంపండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఫుల్‌బ్రైట్ గడువు సాధారణంగా సెప్టెంబరు మధ్యలో ముగుస్తుంది కదా అని మే నెలలో అడిగితే అక్కడ వేసవి సెలవులు. జూన్‌లో కాలేజీ తెరిచాక అడ్మిషన్ల హడావిడి. ఫిబ్రవరిలోనే అడగాలి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉంది కదా అన్న ధీమా ఇంకో చిక్కు. 2021 మార్చి నాటి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ ఉన్నవారు ఇండియాలో పరిశోధన చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. విదేశీయుల నమోదు కార్యాలయానికి గానీ ఇక్కడి భారత కాన్సులేటుకు గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. పల్లెల్లో సర్వేలు చేసేవారు, పాత రికార్డులు చూసేవారు టికెట్టు కొనకముందే ఈ పని చూసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్నవారైతే తిరిగొచ్చేటప్పటి వీసా స్టాంపింగ్‌కు పట్టే సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. మహాసభలకు వచ్చే వైస్ ఛాన్సలర్లను సత్కరిస్తున్నాం, సంతోషం. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవారిని అదే వేదిక మీద ఒక్కటి అడగాలి: రాబోయే ఏడాది ఏ శాఖలో ఏ పేపరు చెప్పడానికి మనిషి కావాలి, ఉత్తరాలకు జవాబిచ్చేది ఎవరు? ఆ జాబితాను ఏటా జనవరిలో సభ్యులకు పంపాలి. దానికి ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు చాలు. ఐఐటీలకు వెళ్లే దారి అందరికీ తెలుసు. పిలిచే పద్ధతి తెలియని జిల్లా విశ్వవిద్యాలయాలకే ఈ సాయం ముందు అందాలి.