గిటారుకు పీఓహెచ్

మా ఇంట్లో రెండు గిటార్లుండేవి, వాయించేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఈ మాట చెప్పినప్పుడల్లా జనం నాకేసి జాలిగా చూసేవారు. అప్పుడు నేను ఫెండర్ గిటార్ల కంపెనీ పెట్టిన లియో ఫెండర్‌ని తలుచుకుని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి. 1951లో మంద్రంగా మోగే బేస్ గిటారు ప్రెసిషన్ బేస్‌నీ, 1954లో ఎలక్ట్రిక్ గిటారు స్ట్రాటోకాస్టర్‌నీ లోకం మీదికి వదిలిన ఆ మహానుభావుడికి గిటారు వాయించడం రాదు. చేసినవాడికే రాని విద్య, కొని అటకెక్కించేవాడికి ఎందుకు రావాలి?

నాది సేకరణ. సేకరణ అంటే కొనడం అనుకుంటారు చాలామంది. కొనడం ఎవడైనా చేస్తాడు, కొన్నాక ముట్టుకోకుండా ఉండటమే సేకరణ. నా బేస్ గిటారు లిమిటెడ్ ఎడిషన్. దాని పెట్టె, పెట్టె తాళంచెవి, దారంతో వేలాడే చీటీలు, తేమ పీల్చే గింజల పొట్లం, సర్టిఫికెట్, అన్నీ వచ్చినవి వచ్చినట్టే ఉండాలి. ఒక్కటి తగ్గినా అమ్మేటప్పుడు ఎదుటివాడు మొహం చిట్లిస్తాడు. పిక్‌గార్డు మీద, అంటే ఒంటికి గీతలు పడకుండా బిగించే పలక మీద, కంపెనీవాళ్లు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొరని కూడా నేను పీకలేదు. కొత్త ఫ్రిజ్ తలుపు మీది ప్లాస్టిక్‌ని ఆరేళ్లు కాపాడుకున్న ఇల్లు మాది కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు.

తోచిందల్లా రెండోదే. అది రెలిక్.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. ఆ తర్వాత వచ్చినవాటిలో పాత పనితనం లేదని వాయించేవాళ్లు గొణగడం మొదలెట్టి, అంతకుముందువాటికి ప్రీ-సీబీఎస్ అని పేరు పెట్టి వెతుక్కోసాగారు. వెతికేవాళ్లు ఎక్కువ, గిటార్లు తక్కువ, ధర కొండెక్కి కూర్చుంది. 1995లో ఫెండర్ కస్టమ్ షాప్ వాళ్లు కొత్త గిటారునే పాతదానిలా తయారుచేసి, రెలిక్ అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. రంగు గీకుతారు, అంచులు కొడతారు, ఇనప సామాన్లకు చిలుము పట్టిస్తారు. ఎవరో ముప్ఫై ఏళ్లు చెమటలు కక్కుతూ వాయించినట్టు, మోచెయ్యి ఆనే చోట చెక్క బయటపడేదాకా అరగదీస్తారు. ఆ అరుగుదలకు వేరే ధర. పట్టుచీర కొంటూ ఎలుక కొట్టిన చిల్లులకు పైకం విడిగా కట్టినట్టన్నమాట.

నేను కట్టాను. అమెరికా వెళ్లిపోతున్న స్నేహితుడి దగ్గర, సెకండ్‌హ్యాండ్‌లో, 3,80,000 రూపాయలు. ఇంట్లో మాత్రం "ముప్ఫై ఎనిమిది పడింది" అన్నాను. అబద్ధం కాదు, ముప్ఫై ఎనిమిది పదివేలు. మా ఆవిడ దాన్ని ముప్ఫై ఎనిమిది వేలనుకుని, "అంత పోసి ఈ గీతలు పడ్డదాన్నా కొన్నారు?" అంటూ మూడు రోజులు మాట్లాడటం మానేసింది. ఆ లెక్కన నిజం చెప్పి ఉంటే సరిగ్గా నెల.

పెట్టుబడి అని నచ్చజెప్పబోయాను. 2019లో పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లు పలికిందని చెప్పాను. ఆ వేలం డబ్బంతా ఆయన దానమిచ్చేశాడన్న సంగతి చెప్పలేదు. మా ఆవిడకి అలాంటి వివరాలు బాగా గుర్తుంటాయి.

నిజానికి నాకూ ఓ భయం లేకపోలేదు. 1958 నుంచి 1960 దాకా మరో గిటార్ల కంపెనీ గిబ్సన్ వాళ్లు సన్‌బర్స్ట్ రంగులో లెస్ పాల్ గిటార్లు చేశారు. సరిగ్గా అమ్ముడుపోక ఆపేశారు. ఇవాళ అందులో ఒక్కటి అమ్మితే హైదరాబాదులో ఫ్లాటు కొనొచ్చు. వాటి మీద లిమిటెడ్ అని ఎవరూ రాయలేదు, కొనే నాథుడు లేక అవే లిమిటెడ్ అయ్యాయి. ఇప్పటివి పుడుతూనే నుదుటిన ముద్ర వేయించుకుని వస్తున్నాయి. ఆ ముద్ర చూసి నాలాంటివాళ్లమంతా ముట్టుకోకుండా దాస్తున్నాం. ముప్ఫై ఏళ్లయ్యాక అన్నీ ఒకేసారి, ఒకే నిగనిగతో, అటకల మీంచి దిగితే? ఈ ఊహ రాత్రి రెండింటికి వచ్చిందంటే ఇక నిద్ర రాదు.

జూన్‌లో పాప స్కూలు ఫీజు వచ్చి పడింది. రెలిక్‌ని అమ్మకానికి పెట్టాను. మన ఊళ్లో నాకు తగిలిన బేరగాళ్లు రెండే రకాలు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫోన్లో గంటసేపు కొయ్య గురించి, పికప్పుల గురించి మాట్లాడి కొనరు. ఆదివారం చర్చిలో వాయించే కుర్రాళ్లు "లాస్ట్ ఎంతన్నా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేస్తారు. పెట్టేసినవాళ్లలో మారేడ్‌పల్లి కుర్రాడొకడు మళ్లీ చేశాడు. ఫొటోలన్నీ పెద్దవి చేసి చూసుకుని 4,10,000కి ఒప్పుకున్నాడు. ఆదివారం పదింటికి వస్తానన్నాడు.

ఆ వారం నాకు పుణెలో నాలుగు రోజులు ఆఫీసు పని పడింది. ఇంట్లో ఆవిడా పాపా ఒంటరిగా ఉంటారని తార్నాకలో మా ఫ్లాటుకి మామయ్యగారు వచ్చారు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పెయింటరుగా 34 ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. వచ్చిన మర్నాడే మా బాల్కనీ గ్రిల్లు, గ్యాస్ సిలిండరు స్టాండు, కింద వాచ్‌మన్ కుర్చీ కొత్త రంగులు తొడుక్కున్నాయి. ఫొటోలు తీసి తొందరలో మంచం కింద పెట్టేసిన రెలిక్ పెట్టె సంగతి నాకు గుర్తే లేదు.

శనివారం రాత్రి వచ్చేసరికి మామయ్యగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"అల్లుడుగారూ, మిమ్మల్ని ఎవడో నిండా ముంచేశాడు. పాత సరుకు అంటగట్టాడు. అమ్మాయి చెబితే నా మనసు ఊరుకోలేదు."

దివాన్ మీద పేపరు పరిచి, దాని మీద నా గిటారు. కాదు, నా గిటారు స్థలంలో ఇంకేదో. పాపకి పౌడరు రాయడానికి అద్దం అక్కర్లేదు, అంత నునుపు. ఒక్క గీత లేదు, ఒక్క సొట్ట లేదు. నేను పైసా పైసా లెక్కపెట్టి కట్టిన ముప్ఫై ఏళ్ల పాతదనాన్ని ఆయన ఉప్పు కాగితంతో గీకి, గుంటల్లో లప్పం పెట్టి, ప్రైమరు కొట్టి, నాలుగు రోజుల్లో పురిటిబిడ్డని చేసి పడుకోబెట్టారు.

"రెండు కోట్లు వేశాను" అన్నారు గర్వంగా.

నాలుగు లక్షల వస్తువు మీద రెండు కోట్లు.

"ఏం రంగు మామయ్యగారూ?" గొంతు నాదేనా అనిపించింది.

"డ్యూకో! మోటారు బండ్ల రంగు. రాణిగంజ్‌లో రెండు షాపులు తిరిగి పాత రంగుతో కలిపించాను."

ఇక్కడే నా నోరు పడిపోయింది. ఎందుకంటే ఆ గిటారు రంగు పేరు సోనిక్ బ్లూ. అది అసలు కాడిలాక్ కారు రంగు. ఫెండర్ వాళ్లు అప్పట్లో రంగులు తెచ్చుకున్నది కార్ల రంగుల నుంచే, అందులో డూపాంట్ వాళ్ల డ్యూకో కూడా ఉంది. అంటే మా మామయ్యగారు పుస్తకాల ప్రకారం తప్పు చేయలేదు. లియో ఫెండర్ బతికుంటే ఈయన్ని భుజం తట్టి పనిలో పెట్టుకునేవాడేమో! కాకపోతే ఈ వ్యాపారంలో ఒక పాత సూత్రం ఉంది: మళ్లీ రంగు వేసిన గిటారుకి ధర సగం. అది కూడా నిజంగా పాతదైతే. ఉత్తుత్తి పాతదాన్ని నిజంగా కొత్తది చేస్తే ఎంతో ఏ సూత్రంలోనూ లేదు.

"ఆ స్క్రూలూ గట్రా చింతపండుతో తోమింది నేనేనండీ. తళతళలాడుతున్నాయి చూడండి" అంది మా ఆవిడ.

"కాగితం కూడా నలిగిపోతుందని లామినేషన్ చేయించాను" అన్నారు మామయ్యగారు. సర్టిఫికెట్, ఆయన ఆధార్ కార్డు, పక్కపక్కనే, ఒకే మెరుపుతో.

తర్వాత ఆయన గిటారుని బోర్లా తిప్పారు. వీపు మీద తెల్ల రంగుతో, అచ్చు పెట్టి, రైలు పెట్టె చివర రాసినట్టే రాసి ఉంది: పీఓహెచ్, దాని పక్కన శుక్రవారం తేదీ. కింద రిటర్న్ డేట్, సరిగ్గా 18 నెలల తర్వాతిది. పీఓహెచ్ అంటే పీరియాడికల్ ఓవర్‌హాల్. పెట్టె మళ్లీ వర్క్‌షాపుకి ఎప్పుడు రావాలో అందులో ఉంటుంది.

"పని చేశాక తేదీ వేయకపోతే నాకు నిద్ర పట్టదు బాబూ" అన్నారాయన. ఆయన హాయిగా నిద్రపోయారు.

ఆదివారం పదింటికి మారేడ్‌పల్లి కుర్రాడు వచ్చాడు. పెట్టె తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"అన్నా, గిదేంది? ఫొటోల మంచిగ ఖరాబుండె గదా!"

"బాగు చేశాం" అన్నారు మామయ్యగారు.

"గట్లెట్ల బాగుచేస్తరు తాతా?"

నేను వాణ్ణి బాల్కనీలోకి లాక్కుపోయి జరిగింది చెప్పుకున్నాను. కుర్రాడు మంచివాడు, నవ్వలేదు. గిటారుని రెండుసార్లు వాయించి చూశాడు. దాని జీవితంలో మా ఇంట్లో మోగడం అదే మొదలు. "నెక్కు మంచిగున్నది, పికప్పులు ఒరిజినల్. బాడీకి మాత్రం నేనేం ఇయ్యలేనన్నా. ఒకటిన్నర ఇస్త. నీ ఇష్టం" అన్నాడు. బాల్కనీలో మెల్లగా అంటే బాగుండేది. హాల్లోకి వచ్చి, నలుగురి ముందూ అన్నాడు.

"ఒకటిన్నర ఏంటి?" అంది మా ఆవిడ కాఫీ కప్పులతో వస్తూ.

"లక్షన్నర అక్కా."

కప్పులు సాసర్లలో గలగలమన్నాయి. "లక్షా యాభై వేలా! ముప్ఫై ఎనిమిదికి కొన్నదానికి!"

కుర్రాడు నాకేసి చూశాడు. నేను ఫ్యానుకేసి చూశాను. ఏం చెప్పను? 2,30,000 నష్టమని చెప్పాలంటే ముందు 3,80,000 సంగతి చెప్పాలి. అది చెబితే నెల కాదు, ఏడాది మౌనం.

"ఆలోచించి చెబుతాం" అన్నాను నీరసంగా.

"ఆలోచించేదేంటండీ, మీకేమైనా పిచ్చా? లక్షా పన్నెండు వేలు లాభం! తీసుకో తమ్ముడూ, ఫోన్ చేసి మళ్లీ బేరం మాత్రం ఆడకు" అని ఆవిడే పెట్టె మూసి వాడి చేతికిచ్చింది. డబ్బు నిమిషంలో ఫోన్లో పడింది, ఆవిడ ఫోన్లో. వాడు లిఫ్టు ఎక్కుతుంటే మామయ్యగారు వెనకనుంచి కేకేశారు: "వెనకాల రిటర్న్ డేట్ వేశాను బాబూ, అప్పుడు తీసుకురా, మళ్లీ చేసిస్తాను!"

మధ్యాహ్నం బిర్యానీ తెప్పించారు. డబల్ కా మీఠా కూడా. మామయ్యగారి చేతి చలవని మా అత్తయ్యగారికి ఫోన్లో రెండుసార్లు చెప్పారు. ముప్ఫై ఎనిమిది వేలది నాలుగు రోజుల్లో నాలుగింతలైందట. నా పెట్టుబడి తెలివికి మా ఆవిడ మొట్టమొదటిసారి ముచ్చటపడి నా ప్లేట్లో రెండో లెగ్ పీసు వేసింది. తిన్నాను. రుచి గుర్తులేదు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి హాల్లో స్టూలు వేసి ఉంది. అటక తలుపు తీసి ఉంది. దివాన్ మీద బేస్ పెట్టె, దాని పక్కన ఉప్పు కాగితం చుట్ట, కొత్త లప్పం డబ్బా.

"అల్లుడుగారూ, దీనికి రంగు బాగానే ఉంది, పెద్ద పనేం లేదు" అన్నారు మామయ్యగారు కళ్లజోడు సవరించుకుంటూ. "ముందు ఈ ప్లాస్టిక్ పీకేద్దాం."

నేను హాలు సగం దాటేలోపే సర్రుమని చప్పుడైంది.