పాదుకలైనా లేని పట్టాభిషేకం

బెంగళూరుకి కార్పొరేటర్లు కావాలని గోల చేసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. రాముడు లేని అయోధ్యని భరతుడు పద్నాలుగేళ్ళు పాదుకలతో నెట్టుకురాలేదా? నందిగ్రామం వెళ్ళి "మా వీధి దీపం వెలగట్లేదు" అని పాదుకలకి ఎవరైనా అర్జీ పెట్టుకున్నట్టు విన్నామా? బెంగళూరు అంతకంటే ఒక మెట్టు పైనే ఉంది. 2015 ఆగస్టులో ఎన్నికైన 198 మంది కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరు 10న ముగిసింది. ఆ తర్వాత పీఠం మీద పాదుకలు కూడా లేవు. ఒక పరిపాలనాధికారి, ఆయన సంతకం, అంతే. 2025 సెప్టెంబరు నాటికి ఖాళీ కుర్చీ తన మొదటి ఐదేళ్ళ పదవీకాలం నిండుగా పూర్తిచేసుకుంది. బామ్మర్దికి కాంట్రాక్టు ఇప్పించిందని దాన్నెవరూ అనలేదు. పుట్టినరోజుకి వీధి పొడుగునా ఫ్లెక్సీలు కట్టించుకోలేదు. ఇంత మచ్చలేని ప్రజాప్రతినిధిని దించేయాలనడం ఏం న్యాయం?

పదవీకాలం తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తికావాలని రాజ్యాంగం 243-యు అధికరణం అంటుంది, నిజమే. కానీ ముందు కుర్చీల లెక్క తేలాలి కదా. 198 వార్డులు 2022లో 243 అయ్యాయి. 2023లో 225కి దిగాయి. 2025 సెప్టెంబరు 2న నగరాన్నే ఐదు కార్పొరేషన్లుగా కోసి, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ అనే గొడుగు పట్టి, చివరికి 369 దగ్గర ఆగారు: పశ్చిమానికి 112, ఉత్తర దక్షిణాలకి చెరో 72, మధ్యకి 63, మారతహళ్ళి, కుందలహళ్ళి మనవాళ్ళుండే తూర్పుకి 50. ఆలూ లేదు చూలూ లేదు, సోమలింగాలు మాత్రం 369 మంది.

కార్పొరేటరున్న రోజుల్లో జనం ఒళ్ళు వంచేవాళ్ళు కాదు. ఇంటి ముందు నీళ్ళు నిలిస్తే ఆయన గేటు దగ్గరికెళ్ళి అరిస్తే సరిపోయేది. ఇప్పుడు ప్రతి గృహస్థూ జలశాస్త్రవేత్త. ముందు ఆ నీళ్ళు ఎవరివో తేల్చాలి. వాన లేకుండా, వాసన లేకుండా, నీళ్ళు వదిలే రోజు మాత్రమే ఊరుతుంటే కావేరి పైపు పగిలినట్టు: జలమండలి, ఫోన్ నెంబరు 1916. కంపుకొడుతూ మ్యాన్‌హోల్ మూత సందుల్లోంచి పొంగితే మురుగు: అదీ 1916కే. వాన కాలువ పూడి నీళ్ళు వెనక్కి తంతే కార్పొరేషన్, 1533. మురుగే వచ్చి వాన కాలువలో పారుతుంటే కాలువ ఒకరిది, లోపలి సరుకు ఇంకొకరిది కాబట్టి రెండు చోట్లా ఫిర్యాదు చేసి రెండు నెంబర్లూ దాచుకోవాలి. లేకపోతే ఎవరికి చేసినా రెండోవాళ్ళ పేరే చెబుతారు. నీళ్ళ పక్కన కరెంటు తీగ తెగి పడుంటే మాత్రం శాస్త్రం కట్టిపెట్టి, దూరంగా జరిగి 1912కి చేయాలి. స్తంభం కరెంటు సంస్థ బెస్కాంది, దాని మీది దీపం కార్పొరేషన్‌ది. స్తంభం ఒరిగినందువల్ల దీపం ఆరిపోతే అది ద్వైతమో అద్వైతమో పెద్దలే చెప్పాలి.

ఫిర్యాదు రాయడానికీ ఒక పద్ధతుంది. ఒకదాంట్లో ఒక్క సమస్యే రాయాలి. "గుంత, పక్కన చెత్తకుప్ప" అని రాశారా, చెత్త ఎత్తి మొత్తం మూసేస్తారు. గుంతని కాదు, ఫిర్యాదుని. గుంతని దగ్గర్నుంచి ఒక్కటే ఫొటో తీస్తే అది చంద్రుడి మీదదని కూడా అనొచ్చు. కాబట్టి పక్కనున్న టిఫిన్ సెంటర్ బోర్డో, స్తంభం నెంబరో కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి తీయాలి. కొన్నాళ్ళకి "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని సందేశం వస్తుంది. అదే చోట, అదే కోణంలో మళ్ళీ ఫొటో తీసి, పాత నెంబరు వేసి కొత్త ఫిర్యాదు పెట్టాలి. ఇక్కడ వ్యాకరణం గమనించదగ్గది. కర్మణి ప్రయోగం. వార్డులో కార్పొరేటరు లేనట్టే వాక్యంలో కర్త లేడు. కర్మ మాత్రం మనది.

గుంత పూడ్చడం గురించీ అపోహలున్నాయి. శాస్త్రప్రకారమైతే చెడిన తారుని చదరంగా, అంచులు నిట్టనిలువుగా కోసి తీసేయాలి. దుమ్మూ తడీ పోయేదాకా ఊడవాలి. అడుగునా అంచులకీ పల్చగా తారు ఎమల్షన్ పూయాలి. ప్లాంటులో 150 డిగ్రీల దరిదాపుల్లో కలిపిన వేడి మిక్స్ పోసి, చల్లారేలోపే రోలరుతో అణచాలి. వేడి 100 డిగ్రీల కిందికి జారితే అది సరిగ్గా అణగదు, లోపల ఖాళీలు మిగులుతాయి. వాన నీరు అందులో దూరి కంకరకీ తారుకీ విడాకులిప్పిస్తుంది. ఇప్పుడా మిక్స్ లారీ ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు జంక్షన్ దాటి రావాలి. వచ్చేసరికి పొద్దున చేసిన ఉప్మాలా ఉంటుంది. అందుకే మనవాళ్ళు ఆ తతంగమంతా వదిలేసి, నీళ్ళున్న గుంతలోనే కంకర పోసి, పైన కాస్త నల్లగా చల్లి, పారతో నాలుగు దెబ్బలేసి వెళతారు. అణిచే పని మన స్కూటర్లు ఉచితంగా చేసిపెడతాయి. వారంలో కంకర లేచి రోడ్డంతా పరుచుకుంటుంది. ఇదివరకు గుంత దగ్గర మాత్రమే పడేవాళ్ళం. ఇప్పుడు ఆ సౌకర్యం వీధి పొడుగునా ఉంది.

కొత్త రోడ్డు వేసినా ఇంతే. పాత పొర గీకకుండా దాని మీదే 40 మిల్లీమీటర్లు పరుస్తారు. నాలుగుసార్లకి 16 సెంటీమీటర్లు, అంటే మన ఇంటి మెట్టు ఒకటి మాయం. అంచున నీళ్ళు కాలువలోకి దిగే కన్నాలు తారు కింద సమాధి అవుతాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. పల్లం మన కారు పార్కింగే.

ఇక ఈ-ఖాతా, అంటే ఇంటి వివరాలతో కార్పొరేషన్ ఇచ్చే ఆన్‌లైన్ పత్రం. 2024 అక్టోబరు నుంచి అది లేనిదే ఇల్లు చేతులు మారదు. ఆస్తిపన్ను రసీదు నెంబరు, అమ్మకపు దస్తావేజు, రిజిస్ట్రేషన్ నాటి నుంచి నేటిదాకా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), బెస్కాం బిల్లు మీది పదంకెల ఖాతా సంఖ్య, ఇంటి ఫొటో, ఆధార్. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది, ఒంటిపేరులో సగం పొడి అక్షరాలుంటాయి. దస్తావేజులో కె.వి.ఎస్.ఎన్. మూర్తి, ఆధార్‌లో కొమ్మరాజు వెంకట సత్యనారాయణ మూర్తి, పన్ను రసీదులో టైపు చేసినాయన దయవల్ల కోమరాజ మూర్తి. ఒక్క మనిషే ముగ్గురన్నదమ్ములై వాటాలకి దిగినట్టు. దరఖాస్తుకి ముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి. దస్తావేజు దిద్దాలంటే అమ్మినాయన కూడా సబ్‌రిజిస్ట్రార్ ముందుకి రావాలి, ఆయన ఈపాటికి టెక్సాస్‌లో ఉంటాడు. ఇక ఆఫీసు మెట్లెక్కితే, ఒకప్పుడు దయ్యం రాకుండా కన్నడిగులు గోడ మీద రాసుకున్న "నాళె బా", మన ఊళ్ళలో "ఓ స్త్రీ రేపు రా", రెండూ లోపల కౌంటరు దగ్గర నోటితోనే చెబుతారు. దయ్యం నమ్మి వెళ్ళిపోయేది. మనమూ అంతే.

నీళ్ళ సంగతికొస్తే, 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసం కావేరి నీటి పథకం ఐదో దశ, రోజుకి 77.5 కోట్ల లీటర్లు, 2024 అక్టోబరులో మొదలైంది. రాముడు పద్నాలుగేళ్ళకే తిరిగొచ్చేశాడు, కావేరమ్మకి 17 పట్టింది. అదే ఏడాది మార్చిలో ట్యాంకర్లకి ధర కట్టారు: 5 కిలోమీటర్లలోపైతే 6,000 లీటర్లు 600 రూపాయలు, 12,000 లీటర్లు 1,000. ధర కట్టిన కాగితం ఇప్పటికీ తడవకుండా ఉంది. కొలతైనా చూసుకోండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న సంపులో 6,000 లీటర్లు పోస్తే మట్టం మీటరున్నర లేవాలి. గీతలు పెట్టిన కర్ర ఒకటి చాలు. ట్యాంకరు డ్రైవరుకి ఆ కర్ర కనిపించేలా పట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంత చెప్పినా వార్డుకొక మనిషి కావాల్సిందే అని మొండికేసేవాళ్ళ కోసం ఒక రాజీమార్గం. గట్టి వాన పడ్డ మర్నాడు మారతహళ్ళి సర్వీసు రోడ్డులో తేలే చెప్పులకి కొదవుండదు. వార్డుకొకటి చొప్పున 369 ఏరి, కడిగి, ఆరబెట్టి, కుర్చీల మీద ప్రతిష్ఠించవచ్చు. జత అక్కర్లేదు. రెండోది ఎలాగూ వాన కాలువలో ఉంటుంది. అది తీయించాలంటే 1533. మురుగు కూడా కలిసి ఉంటే 1916కి కూడా చేసి, రెండు నెంబర్లూ దాచుకోండి.