రిస్క్ అంటే ధైర్యమని ఎవరు చెప్పారు?

స్నేహితుల గ్రూపుల్లో ఒకే మెసేజ్ నెలల తరబడి తిరుగుతోంది. "రిస్క్ అంటే అసలు అర్థం ధైర్యం చేయడం. హజార్డ్ అరబ్బీలో పాచిక. ఛాన్స్ అంటే పాచిక పడటం. పాత ఇంగ్లీషువాళ్లకు రిస్క్ అంటే భయం తెలియదు. మీరూ భయపడకండి, ఆప్షన్స్‌లోకి దిగండి!" ఆప్షన్స్ అంటే షేర్లలాంటి వాటి ధర ముందుముందు ఎటు పోతుందో అన్నదాని మీద చేసే ట్రేడింగ్. పంపినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ.

ఛాన్స్ సంగతి దాదాపు సరే. 'పడటం' అనే లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది.

హజార్డ్ మొదట ఇంగ్లీషులో ఒక పాచికలాట పేరు. అపాయం అనే అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది. అరబ్బీ మూలం ఒక ఊహ మాత్రమే. సిరియాలోని ఒక కోట పేరు నుంచి వచ్చిందని క్రూసేడ్ల కాలంలోనే ఇంకో కథ ఉంది. రెండూ తేలలేదు.

పాత ఇంగ్లీషువాళ్ల నోట అసలు రిస్క్ అనే మాటే లేదు. అది 17వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. హఠాత్తుగా వచ్చిపడే ఆపదను వాళ్లు 'ఫేర్' అనేవాళ్లు. నేటి 'ఫియర్' అదే మాట. భయం తెలియనివాళ్లట!

ఇక అసలు విషయం. రిస్క్ మూలం ఎక్కడిదో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కోయడం అనే లాటిన్ మాట అని కొందరు, కొండరాయి అనే గ్రీకు మాట అని కొందరు. కానీ ఆ మాట తొలి రోజుల్లో ఎక్కడ కనిపిస్తుందో తెలుసు. 12వ శతాబ్దంలో ఇటలీ రేవు నగరం జెనోవా వర్తకుల సముద్ర వ్యాపార ఒప్పందాల్లో! సరుకు మునిగితే నష్టం ఎవరి ఖాతాలో పడాలో తేల్చడానికి రాసుకున్న మాట అది. ధైర్యం ఊసే లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. తెగించనివాడికి కొరకడానికేమీ దొరకదని ఇటాలియన్‌లో సామెత ఉంది, అందులో ఉన్నది ఈ మాటే. కాబట్టి ధైర్యం పూర్తిగా కల్పన కాదు. అయితే సామెత నమ్మి అప్పు తెచ్చి ట్రేడింగ్ చేయమనడం ఏం న్యాయం? 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ (ఆప్షన్స్ లాంటిదే మరో రకం ట్రేడింగ్), ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీయే చెప్పింది. సగటున తలా 2 లక్షలు. మెసేజ్ పంపేవాళ్లు ఇందులో ఎంత భరిస్తారో కూడా రాసి పంపండి.